తెలిసిన బగ్గుల జాబితా కంపెనీలు బయట పెట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, మండపేట, తణుకు చుట్టుపక్కల రైస్ మిల్లులు, కాటాలు, మేత కొట్లు, రొయ్యల కొనుగోళ్లు, చెరువు గట్ల మీది కంట్రోలర్లు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. కొన్ని పెద్ద కంపెనీలవి, కొన్ని ఇక్కడే ఇద్దరు ముగ్గురు కూర్చుని రాసినవి. వాటిని కొనేవాళ్లకూ, రాసేవాళ్లకూ పనికొచ్చేలా ఈ ప్రశ్నలూ జవాబులూ కూర్చాం.

తెలిసిన బగ్గుల జాబితా అంటే ఏమిటండీ?

సాఫ్ట్‌వేర్‌లో ఫలానా చోట తప్పు ఉందని కంపెనీకి తెలుసు, ఇంకా సరిచేయలేదు. అలాంటివన్నీ రాసి పెట్టుకున్న పట్టికే ఇది. ఈ పట్టిక ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. కొందరి దగ్గర పద్ధతిగా, కొందరి దగ్గర నోట్‌బుక్‌లో, ఇంకొందరి దగ్గర ఫోన్లెత్తే కుర్రాడి బుర్రలో. అది వాడేవాళ్ల కంట పడాలా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మీ మాట ఏమిటి? సూటిగా చెప్పండి.

బయట పెట్టాలి. తప్పు లెక్క వల్ల పోయే డబ్బు, పోయే పంట, పోయే పరువు వాడేవాడివి. నష్టం ఎవరిదో కబురు ముందు వాళ్లకే అందాలి. భద్రతకు సంబంధించిన లోపాలకు కొంత గడువు వరకు మినహాయింపు ఉంది, దాని సంగతి కింద రాశాం.

మావి చిన్న ప్యాకేజీలు. ఇది అమెరికా కంపెనీల గొడవ కదా?

కాదు, మన కాటానే చూడండి. తూకం పెట్టె, అంటే ఇండికేటర్, ఆర్‌ఎస్-232 తీగ మీద ఆపకుండా తూకం పంపిస్తూనే ఉంటుంది. ఒక గుర్తు, ఆ తర్వాత అంకెలు, చివర మరో గుర్తు, ఇదే మళ్లీ మళ్లీ. సెకనుకు 9600 బిట్ల వేగంలో సుమారు 960 అక్షరాలు వస్తాయి. కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మొదటి గుర్తు కోసం ఆగకుండా మధ్యలో చదవడం మొదలెడితే 18,460 కాస్తా 8,460 అవుతుంది. 2024-25లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన ఒక్క అంకె రాలితే 2,30,000 రూపాయల తేడా.

అయితే అంత పెద్ద తప్పు ఎవరో ఒకరి కంట పడుతుంది. పడనివి రెండున్నాయి. లారీ కాటా మీద ఇంకా ఊగుతుండగానే, తూకం నిలబడిందన్న గుర్తు చూడకుండా అంకె పట్టేయడం మొదటిది. అందులో 75 కిలోలు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. కానీ అది రైతు చేతిలోంచి పోయిన ఒక బస్తా. రెండోది, కిందటి బండి తూకం కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో మిగిలిపోయి కొత్త బండి చీటీ మీద పడడం. సాయంత్రం వరసగా ట్రాక్టర్లు నిలబడి, గుమాస్తా గబగబా బటన్లు నొక్కే వేళే ఇది జరుగుతుంది.

ఈ మూడింట్లో ఏది తన ప్యాకేజీలో ఉందో రాసినవాడికి తెలిస్తే, కాటా దగ్గర కూర్చున్న మనిషికి ఒక్క వాక్యం చాలు: «పెట్టె మీద అంకె నిలబడి 3 సెకన్లు అయ్యాకే నొక్కండి, చీటీ మీది అంకెను పెట్టె మీది అంకెతో సరిచూడండి.» సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా ఆ వాక్యమే కాపాడుతుంది.

చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ కంట్రోలర్‌లో కూడా బగ్గులుంటాయా?

ఉంటాయి. వాటిలో ఒకటి డెల్టా రైతులందరికీ తెలియాల్సింది. చవక రకం కంట్రోలర్లలో చాలావాటికి కాలం లెక్కపెట్టే మీటరు మిల్లీసెకన్లలో, 32 బిట్లలో ఉంటుంది. అది నిండడానికి 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు పడుతుంది. నిండగానే సున్నాకి పడుతుంది. ప్రోగ్రాంలో «ఇప్పటి సమయం, ఆన్ కావాల్సిన సమయాన్ని దాటిందా» అని నేరుగా పోల్చి ఉంటే ఆ మలుపు దగ్గర లెక్క చెడుతుంది. రిలే, అంటే మోటారును ఆన్ ఆఫ్ చేసే స్విచ్, టకటకా పడిలేవచ్చు. లేదంటే తర్వాతి ఆన్ ఇంకా 49 రోజుల దూరంలో ఉందనుకుని కంట్రోలర్ ఊరుకోవచ్చు. «ఎంత సమయం గడిచింది» అని తీసివేతతో పోలిస్తే ఈ తంటా లేదు. సరిచేయడానికి పట్టేది ఒక్క లైను.

వెనామీ రొయ్యల పంట మూడు నాలుగు నెలలు. అంటే ఒక్క పంటలో ఈ మలుపు రెండుసార్లు రావచ్చు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఏరియేటర్ ఆగినట్టు గంట ఆలస్యంగా తెలిసినా చాలు, చెరువు ఖాళీ కావచ్చు.

ఈ బగ్గు తరచూ దాక్కుని ఉండడానికి కారణం కరెంటే. రోజూ కరెంటు పోయి వస్తుంటే మీటరు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, 49 రోజుల దాకా చేరదు. కంట్రోలర్‌కు ఇన్వర్టరో బ్యాటరీనో కట్టించిన ఏడాది బయటపడుతుంది. అప్పుడు నింద కూడా ఇన్వర్టర్ మీదే పడుతుంది.

సరిచేసిన ప్రోగ్రాం వేసేదాకా ఉపాయం: నెలకొకసారి, ఎండ బాగా ఉండి నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్న మధ్యాహ్నం పూట, కంట్రోలర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయడం. బ్యాటరీ ఉంటే అదీ విప్పాలి, ఒక్క మెయిన్ ఆపితే మీటరు ఆగదు. ఆన్ అయ్యాక గడియారం, టైమింగులు చెరిగిపోలేదు కదా అని చూసుకోవాలి.

ఈ జాతి తప్పు కొత్తది కాదు. విండోస్ 95, 98లలో సరిగ్గా 49.7 రోజులకు మెషిన్ నిలిచిపోయే బగ్గు ఉండేది, మైక్రోసాఫ్ట్ దాన్ని రాసి బయట పెట్టింది. బోయింగ్ 787లో 248 రోజులు కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్ కంట్రోల్ పెట్టెలు ఒక్కసారే ఆగిపోగలవని తేలినప్పుడు, 2015లో అమెరికా విమానయాన శాఖ బహిరంగంగా ఆదేశం ఇచ్చింది: గడువులోపు కరెంటు ఆపి మళ్లీ పెట్టండి అని. విమానం విషయంలో చెప్పగలిగిన మాట చెరువు విషయంలో చెప్పడానికి అడ్డేమీ లేదు.

దాచడం వల్ల నిజంగా ఎవరైనా నష్టపోయారా?

బ్రిటన్ పోస్టాఫీసుల సంగతి తెలిస్తే ఈ ప్రశ్న మళ్లీ అడగరు. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాని వెనక ఉన్నది ఫుజిత్సు. సాయంత్రం కౌంటరు మూసేసరికి డబ్బు తక్కువ చూపించేది. పోస్టాఫీసు నడిపేవాళ్లు సహాయం కోసం ఫోన్ చేస్తే «ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది» అన్న జవాబు వచ్చిందని చాలామంది వాంగ్మూలం ఇచ్చారు. చేతి డబ్బు కట్టారు, ఇళ్లు అమ్ముకున్నారు. 1999, 2015 మధ్య 900 మందికి పైగా దొంగతనం, దొంగ లెక్కల నేరాల కింద దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్లారు.

అంతా జరుగుతున్నప్పుడు ఫుజిత్సు లోపల తెలిసిన తప్పుల చిట్టా ఒకటుంది. ఏ సందర్భంలో లెక్క తేడా వస్తుందో, సిబ్బంది ఏం చేయాలో అందులో రాసి ఉంది. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకు అది చూపించలేదు. కోర్టులో ఆ చిట్టా అడిగినప్పుడు కూడా పోస్టాఫీసు యాజమాన్యం అడ్డుపడింది. చివరికి బయటికి వచ్చాక, 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు హొరైజన్ నమ్మదగ్గది కాదని తీర్పు ఇచ్చింది. 2024 మేలో శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

మిల్లులో సాయంత్రం క్యాష్ తగ్గితే ముందు ఎవరి వంక చూస్తారో అందరికీ తెలుసు. గుమాస్తా వంకే. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని రాసి ఉన్న ఒక కాగితం ఆ గుమాస్తాకు ఎంత పెద్ద అండో హొరైజన్ చెబుతుంది.

ఇంకొకటి, మరింత పాతది. 1985, 1987 మధ్య థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం సాఫ్ట్‌వేర్ తప్పుల వల్ల ఆరుగురికి విపరీతమైన రేడియేషన్ ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. అనుమానం వచ్చి అడిగిన ఆసుపత్రికి, వేరే చోట ఎక్కడా ఇలాంటిది జరిగినట్టు తమకు తెలియదనే తయారీదారు చెప్పాడు. ఒక చోట జరిగింది మరో చోటికి చేరి ఉంటే ఆపరేటర్లు ముందే ఆపేవాళ్లు.

పోటీవాళ్లు ఆ జాబితా చూపించి మా కస్టమర్లను లాక్కుపోరా?

రాసేవాళ్లందరి మొదటి భయం ఇదే. భయం నిజమే, కొన్నాళ్లు ఇబ్బంది ఉంటుంది. కానీ దాచిన తప్పు మరొకరి నోట బయటపడితే అయ్యే ఖర్చు చూడండి. 1994లో ఇంటెల్ పెంటియం చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేసేది. కంపెనీకి ఆ ఏడాది మధ్యలోనే తెలుసు. అక్టోబరు చివర థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు తన లెక్కల్లో పట్టుకుని నలుగురికీ రాశాడు. «మామూలు జనానికి ఇది తగలదు» అని కంపెనీ మొదట వాదించింది. డిసెంబరులో అడిగిన వాళ్లందరికీ చిప్ మార్చి ఇస్తామని ఒప్పుకుంది. 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. తప్పు చిన్నదే. దాన్ని కొన్నవాడి ముందు పెట్టకపోవడం పెద్దదైంది.

ఇప్పుడు పెద్ద చిప్ కంపెనీలు ఫలానా మోడల్‌లో ఫలానా తప్పులున్నాయని పత్రాలు వాళ్లే వేస్తున్నాయి. మీ కంట్రోలర్‌లోని మైక్రోకంట్రోలర్‌కు కూడా అలాంటి పత్రం ఉండే అవకాశం ఎక్కువ. ఉచితంగా దొరికే డెబియన్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు 1997లోనే సమస్యలు దాచబోమని తమ ఒడంబడికలో రాసుకున్నారు, బగ్గుల చిట్టా మొత్తం ఎవరైనా చూడొచ్చు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా చిట్టా కూడా, ఇంకా సరిచేయని భద్రతా లోపాలు తప్ప, అంతే. జాబితా చూపించినంత మాత్రాన అవి మూతపడలేదు.

పోటీ కంపెనీ మీ జాబితా చూపిస్తే కస్టమర్‌తో ఒక్క మాట చెప్పండి: «వాళ్ల జాబితా కూడా అడగండి.»

అన్నీ పెడితే దొంగకు తాళం చెవి ఇచ్చినట్టు కాదా?

లెక్క తప్పు చేసే బగ్గు వేరు, బయటివాడు లోపలికి దూరగలిగే బగ్గు వేరు. మొదటిదాన్ని ఆ రోజే చెప్పాలి. రెండోదాన్ని సరిచేసిన వెర్షన్ చేతికొచ్చేదాకా వివరాలు ఆపవచ్చు, ఆపాలి.

ఎందుకో మన అక్షరమే చెప్పింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు «జ్ఞా» అక్షరాన్ని ఒక కనపడని కోడ్ చేర్చి పంపితే మెసేజ్ యాప్ కూలిపోయేది. మామూలుగా టైపు చేస్తే ఏమీ కాదు, లోపల ఆ అదనపు కోడ్ ఉంటేనే. విరుగుడు రాకముందే సంగతి ప్రపంచమంతా పాకింది. ఆకతాయిలు తమ పేర్లలో ఆ అక్షరం పెట్టుకుని ఎదుటివాళ్ల ఫోన్లు ఆపేశారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకే సద్దుమణిగింది.

అయితే «భద్రత» అన్న మాట చాటున ఏళ్లకేళ్లు దాచడం కుదరదు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం పట్టుకున్న లోపాలకు తయారీదారుకు 90 రోజులు గడువు ఇస్తుంది. అది మంచి కొలత. చిన్న ప్యాకేజీకి అంత కూడా అక్కర్లేదు. ఈలోగా దాడి మొదలైందని తెలిస్తే గడువు చూడకుండా, ఫలానా సౌకర్యం ఆపేయండి అని వెంటనే చెప్పాలి. ఎలా దూరుతారో చెప్పకుండానే ఆ మాట చెప్పవచ్చు. మన దేశంలో ఇలాంటి లోపాలు తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఉంది.

ఒక్కో బగ్గు గురించి ఏమేం రాయాలి?

అసలు పని ఇక్కడే. «బిల్లింగ్‌లో చిన్న సమస్య, పరిశీలిస్తున్నాం» అని రాయడం కంటే రాయకపోవడం మేలు. వాడేవాడికి కావాల్సినవి ఇవి: నాది ఆ వెర్షనేనా, ఎప్పుడు వస్తుంది, తెర మీద ఏం కనపడుతుంది, ఇప్పటికే నాకు తగిలిందా, సరిచేసేదాకా ఏం చేయాలి. ఒక మేత కొట్టు ప్యాకేజీకి ఊహించి రాసిన నమూనా:

*సంఖ్య 37. నమోదు: జూన్ 12. తీవ్రత: డబ్బు లెక్క మారుతుంది.*
*వెర్షన్లు: 4.2 నుంచి 4.2.3 దాకా. 4.1 వాడేవాళ్లకు రాదు.*
*ఎప్పుడు: «సేవ్» నొక్కాక నెట్ తెగి, చక్రం తిరుగుతుండగా మళ్లీ «సేవ్» నొక్కితే.*
*ఏమవుతుంది: ఒకే బిల్లు రెండు నంబర్లతో పడుతుంది. రైతు ఖాతాలో బాకీ రెండింతలు, గోదాములో 25 కిలోల మేత బస్తాల నిల్వ రెండుసార్లు తగ్గుతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు.*
*మీకు తగిలిందో లేదో: డే బుక్ తెరిచి, ఒకే పేరు, ఒకే మొత్తం, 5 నిమిషాల లోపు పడిన బిల్లులు వెతకండి. గోదాములో బస్తాలు లెక్కపెడితే కంప్యూటర్ చూపే నిల్వ కంటే ఎక్కువ ఉంటాయి.*
*తగిలితే: జిఎస్‌టిఆర్-1 (అమ్మకాల రిటర్ను) ఇంకా వేయకపోతే రెండో బిల్లు రద్దు చేయండి. వేసేసి ఉంటే మీ ఆడిటర్‌కు చూపించి, జిఎస్‌టిఆర్-3బి (పన్ను కట్టే రిటర్ను) వేసేలోపు జిఎస్‌టిఆర్-1ఎలో గానీ, ఆ తర్వాత అయితే వచ్చే నెల సవరణ పట్టికలో గానీ సరిచేయించండి.*
*అప్పటిదాకా: చక్రం తిరుగుతుంటే రెండోసారి నొక్కవద్దు. బయటికి వచ్చి చివరి బిల్లు నంబరు చూడండి.*
*స్థితి: కారణం తెలిసింది. 4.2.4లో సరిచేస్తున్నాం.*

పెద్ద కంపెనీల జాబితాల్లో కూడా ఎక్కువగా లోపించేది «మీకు తగిలిందో లేదో» అన్న వరస. బగ్గు సరిచేస్తే రేపటి బిల్లులు బాగుపడతాయి. నిన్న పడిన తప్పు బిల్లు మాత్రం లెడ్జర్‌లో అలాగే కూర్చుంటుంది, దాళ్వా (రబీ) కోతలయ్యాక రైతు పాత బాకీ తీర్చడానికి వచ్చిన రోజున గొడవై లేస్తుంది. అందుకే ఆ వరస లేనిదే జాబితాలోకి ఎక్కించవద్దు.

అక్షర దోషాలు, రంగులు సరిగా లేకపోవడం కూడా పెట్టాలా?

అక్కర్లేదు. డబ్బు, తూకం, నిల్వ, తేదీ, పన్ను, డేటా పోవడం, యంత్రం ఆగడం. వీటిని తాకేవి అన్నీ పెట్టాలి. మిగతావి మీ ఇష్టం.

తీవ్రత ఎలా నిర్ణయించాలి? ఎక్కువ మంది ఫిర్యాదు చేసినదాన్ని ముందు పెడితే సరిపోదా?

సరిపోదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. విడుదలకు ముందే పరీక్షించేవాళ్లలో కొందరు ఫిర్యాదు పెట్టారు. ఓట్లు తక్కువ పడడంతో అది అడుగునే ఉండిపోయింది. మైక్రోసాఫ్ట్ విడుదల ఆపి, నవంబరు 13న మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది, ఫిర్యాదుతో పాటు తీవ్రత కూడా రాసే వీలు ఆ తర్వాత చేర్చింది. ఒక్కరికే వచ్చినా డేటా పోతే అది మొదటి వరసలో ఉండాలి.

ఎప్పటికీ సరిచేయని బగ్గును కూడా రాయాలా?

తప్పకుండా. ఎక్సెల్ 1900ను లీపు సంవత్సరంగా లెక్కపెడుతుంది, లేని ఫిబ్రవరి 29ని చూపిస్తుంది. పాత లోటస్ 1-2-3తో పొసగడానికి అలా ఉంచారు. ఇప్పుడు మారిస్తే ఉన్న ఫైళ్లలో దాదాపు తేదీలన్నీ ఒక రోజు జరుగుతాయని మైక్రోసాఫ్ట్ కారణంతో సహా రాసి పెట్టింది. «సరిచేయం, ఎందుకంటే ఇది» అని చదివినవాడు తన దారి తాను చూసుకుంటాడు. «త్వరలో» అని ఆరేళ్లు చదివినవాడికి ఆ వీలూ లేదు.

సరిచేశాక జాబితాలోంచి తీసేయవచ్చా?

వద్దు. «4.2.4లో సరిచేశాం» అని రాసి ఉంచండి. సీజన్ మధ్యలో అప్‌డేట్ వేసుకోవడానికి మిల్లులు జంకుతాయి, అది న్యాయమే. పాత వెర్షన్ వాడుతున్నన్నాళ్లూ వాళ్లకు ఆ వరస కావాలి. రెండేళ్ల తర్వాత ఆడిట్‌లో తేడా కనపడినా అదే ఆధారం. రాసినదాన్ని చడీచప్పుడు లేకుండా మార్చవద్దు, మార్చిన తేదీ వేయండి.

ఎక్కడ పెట్టాలి? తెలుగులో రాయాలా?

తెలుగులోనే. బటన్ల పేర్లు మాత్రం తెర మీద ఎలా ఉంటే అలాగే ఉంచండి, అనువదిస్తే గుమాస్తాకు ఆ బటన్ దొరకదు. జాబితాకు లాగిన్ అడగని ఒక శాశ్వతమైన చోటు ఉండాలి, ప్యాకేజీలోని «హెల్ప్»లోంచి ఒక్క నొక్కుతో అక్కడికి చేరాలి. వాట్సాప్‌లో పంపడం మంచిదే కానీ అదొక్కటే చాలదు, పండగ శుభాకాంక్షల కింద రెండు రోజుల్లో మునిగిపోతుంది. డేటా పోయే బగ్గు, చెరువు ఆగే బగ్గు అయితే ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. 200 మంది కస్టమర్లుంటే ఇద్దరు మనుషులకు ఒక రోజు పని.

చట్టం ఏమంటుంది?

మామూలు బగ్గుల జాబితా వేయాలని మన చట్టం నేరుగా చెప్పడం లేదు. సైబర్ దాడుల వంటి ఘటనలు తెలిసిన 6 గంటల్లో చెప్పాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తుసేవల నాణ్యత తెలుసుకునే హక్కు ఇస్తుంది. వ్యాపారం కోసం కొన్నవాళ్లు దాని కిందికి రారు, సొంత పొట్టపోషణకు స్వయంగా నడుపుకునే చిన్న కొట్టు వంటివాటికి మినహాయింపు ఉంది. ఐరోపా సమాఖ్యలో సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ ఉన్న పరికరాలు అమ్మే కంపెనీలకు అక్కడి సైబర్ రెజిలియెన్స్ చట్టం కింద, దాడికి వాడుతున్న లోపాన్ని 24 గంటల్లో అధికారులకు చెప్పే బాధ్యత 2026 సెప్టెంబరు 11 నుంచి వర్తిస్తుంది.

కొనేముందు మేం ఏం అడగాలండీ?

ధర మాట్లాడకముందే «ఇప్పటి వెర్షన్‌లో తెలిసిన తప్పులు చూపించండి» అనండి. «మా దాంట్లో అసలు లేవండీ» అన్నవాడి దగ్గర జాగ్రత్త, అతను లెక్క రాసుకోవడం లేదు. చూపిస్తే తేదీలు చూడండి. చివరి నమోదు ఏడాది కిందటిదైతే జాబితా గోడ మీది పటమే. తర్వాత ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించుకోండి: డబ్బు, తూకం, నిల్వ, డేటాను తాకే ఏ తప్పు తెలిసినా 2 పనిదినాల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆ తప్పు వల్ల పడిన రికార్డులు వెతికే పద్ధతి కూడా ఇవ్వాలి. ఏడాది నిర్వహణ రుసుము దీనికి ముడిపెట్టండి. సంతకానికి ముందు కాటా మీద ఒక బండి పెట్టించి, ఊగుతుండగా ఒకసారి, నిలబడ్డాక ఒకసారి చీటీ కొట్టించండి. ఊగుతున్నప్పుడు కూడా చీటీ వచ్చిందంటే, వాళ్ల జాబితాలో మొదటి వరస మీరే రాయించినట్టు.